రోగమా, వ్యాధా, జబ్బా?

సందేహం: మా ఊరి ఆరోగ్య కేంద్రం కోసం ఒక కరపత్రాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తున్నాను. ‘డిసీజ్’ అనే మాట చాలాసార్లు వచ్చింది. నిఘంటువులో రోగం, వ్యాధి, జబ్బు, తెగులు అన్నీ ఇచ్చారు. ఏది రాసినా ఒకటేనా? ‘గుండె వ్యాధి’ తప్పని ఒకరు, కాదని ఒకరు అంటున్నారు. (విజయనగరం నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: అర్థం దగ్గర ఇంచుమించు ఒకటే, వాడుక దగ్గర ఒకటి కాదమ్మా. సంస్కృత పర్యాయపదాల నిఘంటువైన అమరకోశం రుక్కు, రుజ, ఉపతాపం, రోగం, వ్యాధి, గదం, ఆమయం అని ఏడు మాటల్ని ఒకే వరసలో చెబుతుంది. వాటిలో మన ఇళ్ళలో వినిపించేవి రోగం, వ్యాధి రెండే. ఆమయం ‘నిరామయం’ అన్నప్పుడు మాత్రం పైకి వస్తుంది. జబ్బు, తెగులు సంస్కృతం నుంచి వచ్చినవి కావు.

తేడా తెలియాలంటే పక్కన ఏ క్రియ వస్తోందో చూడండి. ‘జబ్బు చేసింది’ అంటాం, ‘వ్యాధి చేసింది’ అనం. జబ్బు పడతాం, రోగం పడం. వ్యాధి సోకుతుంది, ప్రబలుతుంది. జలుబు చేస్తుంది, పడిశం పడుతుంది, జ్వరం తగులుతుంది లేదా కాస్తుంది. మశూచిని ‘అమ్మవారు పోసింది’ అనేవారు. ఆ జబ్బు ప్రపంచంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు కానీ, ఆ క్రియ పోలేదు. ‘పిల్లాడికి ఆటలమ్మ పోసింది’ అని ఇప్పటికీ అంటున్నాం. అనువాదంలో ఎక్కువగా దెబ్బతినేది ఈ క్రియలే. పేరు సరిగ్గా పెట్టి, కింద ‘జలుబు కలుగును’ అని రాసేస్తారు. అలా ఎవరూ మాట్లాడరు.

‘గుండె వ్యాధి’ తప్పు కాదు. తెలుగు మాట పక్కన సంస్కృతం మాట వచ్చిందని అభ్యంతరం చెబితే ‘అంటువ్యాధి’ని కూడా కొట్టేయాలి. అయితే మన నోటికి అలవాటైన జతలు వేరు. గుండెకి జబ్బు, హృదయానికి రోగం: గుండెజబ్బు, హృద్రోగం. ‘హృదయ జబ్బు’ అంటే వినేవాళ్ళకి ఎబ్బెట్టుగా ఉంటుంది. కరపత్రం కాబట్టి గుండెజబ్బు అనే రాయండి.

రోగం విషయంలో కొంచెం జాగ్రత్త కావాలి. ‘నీకేం రోగం?’, ‘రోగం కుదిరింది’, ‘మాయరోగం’ అని తిట్లలో నలిగి నలిగి ఆ మాటకి ఒక మొరటుతనం వచ్చింది. ‘మీకు ఈ రోగం ఉంటే’ అని రాస్తే చదివేవాళ్ళ మనసు చివుక్కుమంటుంది. రోగ నిర్ధారణ, రోగ నిరోధక శక్తి వంటి సమాసాల్లో ఆ మొరటుతనం ఉండదు, నిశ్చింతగా వాడవచ్చు. ‘కుష్టురోగి’ని మాత్రం వదిలేసి ‘కుష్టువ్యాధి ఉన్నవారు’ అనండి. మనిషిని జబ్బు పేరుతో పిలవకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

తెగులు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇవాళ ఇది పొలం మాట. వరికి అగ్గితెగులు, పొడతెగులు. మిరపకి బూడిద తెగులు. కోళ్ళకి వచ్చేది కొక్కెర తెగులు. పశువుల దగ్గరికి వచ్చేసరికి గాలికుంటు వ్యాధి అంటున్నాం. కానీ ఒకప్పుడు తెగులు మనుషులకీ వచ్చేది, పాత నిఘంటువులు దానికి రోగమనే అర్థం ఇచ్చాయి. ‘నీకేం తెగులు పుట్టింది?’ అనే తిట్టులో ఆ పాత అర్థం ఇంకా వినిపిస్తుంది. ఇంత చక్కటి మాట మనుషుల దగ్గర తిట్టుగానే మిగిలిపోవడం నాకు బాధగానే ఉంటుంది. అయినా మీ కరపత్రంలోకి దాన్ని తేవద్దు, జనం నవ్వుతారు.

సంస్కృతంలో మనసు బాధని ఆధి అని, ఒంటి బాధని వ్యాధి అని వేరు చేశారు. ‘ఆధివ్యాధులు’ అనే జంట అలా వచ్చిందే. అందుకని ‘మానసిక వ్యాధి’ అనకూడదని కొందరు వాదిస్తారు. ‘మనోవ్యాధికి మందు లేదు’ అని మన సామెతే అంటోంది కదా, ఆ వాదం మనకి అక్కర్లేదు. మనసు జబ్బుకి ఇప్పుడు మంచి మందులున్నాయి కాబట్టి, సామెతని మాత్రం కరపత్రంలో వేయకండి.

పేరున్న జబ్బు కాకుండా, ఉత్తినే ఆరోగ్యం బాగాలేదని చెప్పే చోట వ్యాధి పనికిరాదు. ‘ఒంట్లో బాగాలేదు’, ‘నలతగా ఉంది’, ‘సుస్తీ చేసింది’ అనాలి. సుస్తీ పారసీ నుంచి వచ్చింది. హిందీలో దానికి బద్ధకమని అర్థం, మనకి జబ్బు. తెలంగాణలో ‘పాణం బాగలేదు’, ‘బీమారి’ అంటారు. అక్కడ కలరాని గత్తర అనేవారు.

ఇక మీ కరపత్రంలో ‘కొవిడ్ వ్యాధి’ అనే మాట ఉంటే దిద్దక్కర్లేదు. కొవిడ్ చివర ఉన్న ‘డి’ డిసీజ్‌కి గుర్తే, కాబట్టి అదే మాట రెండుసార్లు వచ్చినట్టే. కానీ ‘నడిసెంటర్’ అనేవాళ్ళం మనం, ఇలాంటివి మనకి కొత్త కాదు.

శీర్షికల్లో వ్యాధి, లోపలి వాక్యాల్లో జబ్బు పెట్టుకోండి. అచ్చుకి ఇచ్చేముందు మీ ఊరి ఆశా కార్యకర్త చేత ఒకసారి పైకి చదివించండి. ఆమె ఏ మాట దగ్గర ఆగితే ఆ మాట మార్చండి.