హ్యాండీ కొనేటప్పుడు వాట్లు కాదు, రిసీవర్ చూడు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

హ్యామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్స్ వచ్చిందని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. హ్యాండీ, అంటే చేతిలో పట్టుకునే రేడియో సెట్టు, ఏది కొనాలని అడిగావు. రోజూ వెంట ఉంచుకోవడానికి, ముఖ్యంగా వినడానికి అన్నావు కాబట్టి ఆ లెక్కలోనే చెబుతాను.

డబ్బా మీద రాసిన వాట్లు చూసి మురిసిపోకు. 5 వాట్ల సెట్టుకీ 8 వాట్ల సెట్టుకీ తేడా 2 డెసిబెల్స్ మాత్రమే. అవతల వినేవాళ్లకి అది దాదాపు తెలియదు, నీ బ్యాటరీకి మాత్రం బాగా తెలుస్తుంది.

అసలు చూడాల్సింది రిసీవర్. చాలా చౌక సెట్లలో రిసీవర్ అంతా ఒకే చిప్‌లో ఉంటుంది. ఊరికి దూరంగా అవీ చక్కగా వింటాయి. పక్కన బలమైన ట్రాన్స్‌మిటర్ ఉంటే మాత్రం ఉక్కిరిబిక్కిరైపోతాయి. అప్పటిదాకా వినిపిస్తున్న రిపీటర్ (మన సిగ్నల్‌ని అందుకుని బలంగా తిరిగి పంపే స్టేషన్) ఉన్నట్టుండి మాయమవుతుంది. దీన్ని కనిపెట్టడం సులువే. బలహీనంగా వచ్చే రిపీటర్‌ని సెట్టుతో వచ్చిన పొట్టి యాంటెన్నాతో విను. తర్వాత పొడవాటిది తగిలించు. సిగ్నల్ పెరగాల్సింది పోయి తగ్గిందంటే రిసీవర్ ఆ తాకిడికి తట్టుకోలేకపోతోందన్నమాట. మంచి సూపర్‌హెటెరోడైన్ రిసీవర్‌కి, అంటే వచ్చిన సిగ్నల్‌ని ముందు వేరే ఫ్రీక్వెన్సీకి మార్చి వడగట్టి వినేదానికి, ఓర్పు ఎక్కువ. డబ్బు పెట్టాలనుకుంటే అక్కడే పెట్టు తల్లీ.

యాంటెన్నా విషయానికొస్తే, అది తరంగం పొడవులో పావు వంతైనా ఉంటే మంచిది; 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ పావు తరంగమే దాదాపు అర మీటరు. వేలెడంత రబ్బరు యాంటెన్నా జేబులో ఇమడటానికి పనికొస్తుంది కానీ సిగ్నల్ కొంత వదులుకోవాల్సిందే. అందుకే వంగే పొడవాటిది ఒకటి బ్యాగులో ఉంచుకో. కొనేముందు నీ సెట్టు కనెక్టర్ మేలా, ఫీమేలా చూసుకో. సెట్టు నడుముకి తగిలించుకుంటే ఒళ్లే సిగ్నల్ మింగేస్తుంది. సరిగా వినపడకపోతే చేతిలోకి తీసుకుని, యాంటెన్నా నిటారుగా ఉండేలా పైకెత్తు.

విమానాల మాటలు వినాలని ఉంటే, అవి 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఏఎమ్‌లో ఉంటాయి. ఎఫ్ఎమ్ మాత్రమే ఉన్న సెట్టు ఆ పనికి చాలదు. అన్ని దేశాల్లోనూ వాటిని విననివ్వరు, ముందు మీ నిబంధనలు చూడు. అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగాములు బడిపిల్లలతో మాట్లాడేది మాత్రం 145.800లో, ఎఫ్ఎమ్‌లోనే. ఆ కేంద్రం నీ నెత్తి మీదుగా వెళ్లేటప్పుడు మామూలు హ్యాండీలోనే వినొచ్చు. తప్పకుండా విను!

డిజిటల్ కోసం తొందరపడకు. డీఎమ్ఆర్, డీ-స్టార్, ఫ్యూజన్ అని మాటను డిజిటల్‌గా పంపే పద్ధతులు వేర్వేరుగా ఉన్నాయి, దేని దారి దానిదే. మీ రిపీటర్లలో ఏది నడుస్తోందో తెలిశాక చూద్దాం.

వాల్యూమ్‌కి నిజమైన నాబ్ ఉండాలి, చూడకుండానే తిప్పగలగాలి. స్పీకర్ రోడ్డు రొదలో వినపడాలి. టైప్-సి ఛార్జింగ్ ఉంటే ఇంకో ఛార్జర్ మోసే బాధ తప్పుతుంది.

మీ దగ్గరి రిపీటర్ల ఫ్రీక్వెన్సీలు, టోన్‌లు (రిపీటర్ మన సిగ్నల్‌ని గుర్తించడానికి మాటతో పాటు పంపే శబ్ద సంకేతాలు) రాసి పంపు. మెమరీల్లో ఏది ఎక్కడ పెట్టాలో నేను చూసి చెబుతాను.

నీ మేనమామ