లారావెల్‌లో ఇన్‌స్టాన్స్‌ఆఫ్ ఎప్పుడూ ఫాల్స్ అంటోంది, ఎందుకు?

ఆబ్జెక్ట్ సరైనదే, డంప్‌లోనూ అదే క్లాస్ పేరు కనిపిస్తోంది, అయినా పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారావెల్ 8కి మారాక, ఆబ్జెక్ట్ ఫలానా క్లాసుదేనా అని చూసే ఇన్‌స్టాన్స్‌ఆఫ్ ఫాల్స్ అంటోందని అడిగారు. ముందు ఆ పరీక్ష రాసిన ఫైల్ పైభాగంలో, ఏ పేరు ఏ క్లాసుదో చెప్పే యూజ్ వరుసలు చూడండి.

భీమవరంలో ఒక రొయ్యల కొనుగోలుదారుకు నేను రాసిన బిల్లుల ప్రోగ్రాములో ఇదే జరిగింది. రొయ్య ధర కౌంటును బట్టి, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్నదాన్ని బట్టి ఉంటుంది. 30 కౌంటుకూ 100 కౌంటుకూ ధరలో చాలా తేడా. ఆబ్జెక్ట్ 'లాట్' క్లాసుదైతే దాని కౌంటు ధర, కాకపోతే కనీస ధర, అంటే 100 కౌంటు ధర వేయమని రాశాను. లారావెల్ 8లో మోడళ్లకు యాప్\మోడల్స్ అనే చోటు వచ్చింది కదా, నావీ అక్కడికి మార్చాను. ఒక్క ఫైల్లో పాత యూజ్ వరుస మిగిలిపోయింది. ఎర్రర్ రాలేదు, లాగ్‌లో జాడ లేదు. 30 కౌంటు పట్టిన రైతుకు 100 కౌంటు బిల్లు వెళ్లింది. ఆయన వచ్చి అడిగాకే తెలిసింది. నెలల తరబడి చెరువు గట్టు మీద కాపలా ఉన్న మనిషికి అలాంటి కాగితం ఇచ్చామన్న బాధ నాకింకా పోలేదు.

ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌కు కుడివైపు రాసిన క్లాస్ అసలు లేకపోయినా పీహెచ్‌పీ ఏమీ అనదు. ఆటోలోడ్‌కు, అంటే ఆ క్లాస్ ఫైల్‌ను వెతికి తెచ్చుకోవడానికి కూడా ప్రయత్నించదు, ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది. మా గోదావరి జిల్లాల్లో అన్నవరం స్వామి పేరు పెట్టుకున్న సత్యనారాయణలు వీధికి నలుగురుంటారు, ఇంటిపేరు చెప్పకపోతే ఎవరో తేలదు. నేమ్‌స్పేస్ క్లాసుకు ఇంటిపేరు. మన ఇంటిపేరులాగే అదీ ముందే వస్తుంది.

అందుకని ఇన్‌స్టాన్స్‌ఆఫ్ వరుసకు ముందు రెండు పూర్తి పేర్లూ ముద్రించి చూడండి: గెట్_క్లాస్‌తో ఆబ్జెక్టుది, లాట్::క్లాస్‌తో మీరు పోలుస్తున్నది. రెండోది క్లాస్ లేకపోయినా పూర్తి పేరు చూపిస్తుంది, తేడా అక్కడే దొరుకుతుంది. నేను రెండు రోజులు డేటాబేస్‌ను అనుమానించాక గానీ ఈ పని చేయలేదు. యూజ్ వరుస సరిగ్గానే ఉంటే, చేతికొచ్చింది నల్ కాదు కదా, ఫస్ట్ బదులు గెట్ పిలిచి కలెక్షన్ తెచ్చుకోలేదు కదా అని చూడండి.

ఎర్రర్లను పట్టే క్యాచ్‌లోనూ ఇదే చిక్కు ఉంది. నేమ్‌స్పేస్ ఉన్న ఫైల్లో ముందు బ్యాక్‌స్లాష్ గానీ పైన యూజ్ గానీ లేకుండా ఎక్సెప్షన్ అని రాస్తే అది దేన్నీ పట్టదు. కోడ్‌ను నడపకుండానే తప్పులు వెతికే పీహెచ్‌పీస్టాన్ వాడితే ఇలాంటి లేని క్లాసులను ముందే చూపిస్తుంది. బిల్లులు ముద్రించే కోడైతే అది నడపకుండా సర్వర్‌లోకి పంపకండి.