నిక్కరేసుకుని పిండి రుబ్బేది హీరోనా?

ఈ కాలం పిల్లలు బ్లాక్ అండ్ వైట్ సినిమాలు చూస్తారా అని కదా మీరడిగింది. చూస్తారండి, మా మేనల్లుడు చూశాడు. ఒక్కడు చూస్తే అందరూ చూసినట్టా అంటారేమో, అంతకన్నా పెద్ద సర్వే చేసే ఓపిక నాకు లేదు.

పోయిన మే నెల. గుంటూరు ఎండల సంగతి తెలిసిందేగా, పదకొండు దాటితే బ్రాడీపేట లైన్లలో కుక్క కూడా తిరగదు. మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి సెలవులకి వచ్చాడు, పద్నాలుగేళ్లు. వాడి లెక్కలో పాత సినిమా అంటే 2010 నాటిది. ఆ రోజు ఫోన్‌లో డేటా అయిపోయి గతిలేక హాల్లోకొచ్చి కూర్చున్నాడు. అక్కడ మా నాన్న యూట్యూబ్‌లో గుండమ్మ కథ పెట్టుకుని ఉన్నారు, ఎన్నోసారో ఆయనకే తెలియదు.

పది నిమిషాలయ్యాక వాడు, "తాతయ్యా, వీళ్లందరూ ఇంత లావుగా ఉన్నారేంటి?" అన్నాడు.

నాన్నకి కోపం వచ్చింది. "లావేంట్రా! అప్పట్లో మనుషులు తిండి తినేవాళ్లు, మీలాగా నూడుల్స్ కాదు" అని మొదలుపెట్టారు. నాకు అనుమానం వచ్చి చూస్తే సినిమాలో గోడ మీద గడియారం కూడా కోడిగుడ్డులా ఉంది. సంగతేంటంటే ఆ సినిమాలు తీసింది దాదాపు 4:3 కొలతలో, అంటే వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు, మన టీవీలేమో 16:9. ఎవరో మహానుభావుడు తెర నిండాలని బొమ్మని అడ్డంగా సాగదీసి ఎక్కించాడు, ప్రతి మనిషీ మూడో వంతు వెడల్పు పెరిగాడు. ఎస్వీ రంగారావు గారు మామూలుగానే నిండుగా ఉంటారు, ఇక ఆయన్ని కూడా సాగదీస్తే సోఫా పట్టదు.

రిమోట్ తీసుకుని, ఆ సెట్టింగు ఎక్కడో పాతాళంలో దాచారు, వెతికి వెతికి 4:3 చేశాను. బొమ్మకి అటూ ఇటూ నల్లటి పట్టీలొచ్చాయి, మనుషులు మనుషుల్లా అయ్యారు, సావిత్రి సావిత్రిలా అయింది. నాన్న కాసేపు మాట్లాడలేదు. ఆ టీవీ కొని నాలుగేళ్లు, ఆయన చూసిన పాత సినిమాలన్నీ అలా సాగినవే, ఏనాడూ గమనించలేదు.

రెండో గండం నాన్నే. ప్రతి సీనూ అర నిమిషం ముందే చెప్పేస్తారు. "ఇప్పుడు చూడు ఏమంటుందో, చూడు చూడు." వాడు విసుక్కుని "సినిమా నువ్వు చెప్తావా, నన్ను చూడనిస్తావా" అనేశాడు. అదృష్టం కొద్దీ అమ్మ ఆయన్ని ఆవకాయ ముక్కలు తుడవడానికి లోపలికి పిలిచింది. పిల్లల్ని పాత సినిమాలకి దూరం చేసింది రంగు లేకపోవడం కాదు, పక్కన కూర్చుని "మా రోజుల్లో" అనే పెద్దాళ్లే అని నా గట్టి నమ్మకం. నేనూ ఆ జాబితాలో చేరుతున్నాననుకోండి.

ఇక రామారావు గారు నిక్కరేసుకుని రుబ్బురోలు దగ్గర కూర్చోగానే వాడు లేచి నిలబడ్డాడు. "మావయ్యా, నిక్కరేసుకుని పిండి రుబ్బేది హీరోనా?" అవును, హీరోనే. "ఫైట్ లేకుండానా?" నేనేం చెప్పలేదు, నాన్నని చూసి నేర్చుకున్నాను. సూర్యకాంతం గొంతు లేచినప్పుడల్లా మాత్రం పడీపడీ నవ్వాడు, వాళ్ల అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ కోసం గొడవపడే ఆంటీ అచ్చం ఇలాగే మాట్లాడుతుందట. రంగు లేదన్న మాట మూడు గంటల్లో ఒక్కసారి కూడా వాడి నోట రాలేదు. పాటలొస్తే ఫోన్ తీశాడు (డేటా లేకపోయినా తీశాడు), అదీ నిజమే, దాచను.

రంగులేస్తే జనం చూస్తారని కొందరంటారు. మాయాబజార్‌కి 2010లో రంగులేసి విడుదల చేస్తే హాళ్లకి జనం వచ్చిన మాట నిజమే, నేనూ వెళ్లాను. కానీ 1957లో మార్కస్ బార్ట్లే ఆ సినిమాకి లైట్లు పెట్టింది వెలుగునీడల లెక్కతో. గుండమ్మ కథకీ ఆయనే కెమెరామన్. అలా తీసిన దాని మీద తర్వాతెప్పుడో రంగులు పూస్తే నాకైతే పెళ్లి ఆల్బమ్ చూసినట్టుంది. తెలుగులో మొదటిసారి పూర్తి రంగుల్లో సినిమా వచ్చిందే 1963లో, లవకుశ. అంతకుముందు ఏడాది వచ్చిన గుండమ్మ కథకి రంగు లేకపోవడం లోపమెలా అవుతుంది?

లోపమల్లా ఇప్పుడు మనకి చూపించే తీరులో ఉంది. టీవీలో వేస్తే కింద స్క్రోలింగ్, మూలన లోగో, పది నిమిషాలకో పావుగంట ప్రకటనలు. నెట్‌లో అయితే ఫుల్ హెచ్‌డీ అని రాసి ఉంటుంది, నొక్కితే ముఖాలు కనపడవు, మాటల వెనక చింతపండు పులుసు మరుగుతున్నట్టు సుయ్‌మని ఒకటే చప్పుడు. అలాంటిది నేనే చూడలేను, పద్నాలుగేళ్ల పిల్లాడెలా చూస్తాడు?

మొన్న వాడు ఫోన్ చేశాడు. మాయాబజార్ చూస్తాడట, పాటలు తీసేసిన ప్రింటు ఏమైనా దొరుకుతుందా అని అడిగాడు. ఈ సంగతి ఇంకా నాన్నకి చెప్పలేదు.