పెడన అద్దకం యూనిట్: రంగు మార్చేముందు కడుగుడు చూడండి

అడిగినది క్లుప్తంగా ఇది: పెడన దగ్గర పదిమందితో కలంకారీ అచ్చు అద్దకం నడుస్తోంది. కొనేవాళ్ళు "పర్యావరణానికి హాని లేని సరుకు కావాలి, ఆడవాళ్ళకు సరైన కూలి ఇస్తున్నారా" అని అడగడం మొదలెట్టారు. ధర పెద్దగా పెంచకుండా ఎక్కడ మొదలెట్టాలి?

కడుగుడు దగ్గర మొదలెట్టండి. అద్దేవాళ్ళ పని మీటరుకి ఇంత అని లెక్కలో ఉంటుంది. నానబెట్టడం, జాడించడం, ఉడకబెట్టడం, ఆరేయడం మాత్రం రోజు కూలి కిందో, "ఇంట్లోవాళ్ళు చేస్తారులే" కిందో పోతాయి. నీళ్ళూ కట్టెలూ తగలబడేది అక్కడే. ఆడవాళ్ళ చెమట ఎక్కువ పోయేదీ అక్కడే. అందుకని మీరు రెండు ప్రశ్నలు అడిగాననుకున్నా నిజానికి అడిగింది ఒకటే.

ముందుగా 20 చీరల ఒక లాటు తీసుకుని పుస్తకంలో నాలుగు గడులు గీయండి. ఏ దశకి ఎన్ని బకెట్ల నీళ్ళు, ఎన్ని కిలోల కట్టెలు (వేలాడే కాటా చాలు), ఎవరివి ఎన్ని గంటలు, సెకండ్స్ (మచ్చపడి తక్కువ ధరకి అమ్మేవి) కింద పోయినవి ఎన్ని, ఎందుకు. ఆ నాలుగో గడినే అందరూ వదిలేస్తారు. మచ్చపడ్డ చీరకి గుడ్డా, రంగూ, కట్టెలూ, కూలీ మొత్తం ఖర్చయిపోయి ఉంటాయి. మచ్చలు తగ్గించడాన్ని మించిన పర్యావరణ సేవ ఈ పనిలో లేదు.

ఇక నీళ్ళు. వేసవిలో కాలువలు కట్టేస్తే బోరు నీళ్ళే గతి. బోరులో ఇనుము ఉంటే ఎరుపు నల్లబడి ఊదాలోకి పోతుంది, తెల్లనేల (గుడ్డలో అచ్చు పడని భాగం) మసకబారుతుంది. పరీక్షకి ప్రయోగశాల అక్కర్లేదు. గాజు గ్లాసు నీళ్ళలో చిటికెడు కరక్కాయ పొడి వేసి కలిపి పది నిమిషాలు ఆగండి. పసుపుగానే ఉంటే ఫర్వాలేదు. బూడిదరంగుకి తిరిగిందంటే ఇనుము ఉన్నట్టే. ఆ నీళ్ళని ఎత్తు నుంచి ధారగా పోసి గాలి తగలనిచ్చి, ఒక రాత్రి తొట్టిలో ఉంచి, మర్నాడు ఇసుకలో వడకడితే చాలావరకు తుప్పుగా దిగిపోతుంది. నీళ్ళు కాస్త సున్నపువైనా భయపడొద్దు. మంజిష్ఠ, చిరివేరు (ఎరుపునిచ్చే వేళ్ళు), అలిజరిన్ (డబ్బాలో వచ్చే ఎరుపు) మూడింటి ఎరుపుకీ సున్నం మేలే చేస్తుంది. ఉప్పు నీళ్ళు మాత్రం నానబెట్టడానికి తప్ప దేనికీ పనికిరావు.

ఎరుపుని గుడ్డకి పట్టించే పటిక విషయంలోనూ ఇదే జాగ్రత్త. నీళ్ళ ట్యాంకుల్లో వేసే మురికి రంగు ముద్ద పటిక చవగ్గా దొరుకుతుంది. దాంట్లో ఇనుము ఉంటుంది. అద్దకానికి కలకండలా తేటగా ఉండే పటికే కావాలి. గ్లాసులో కరిగించి అదే కరక్కాయ పరీక్ష చేయండి.

గాడా (ముతక నూలు) గుడ్డకి గంజి పూర్తిగా పోకపోతే కరక్కాయ సమంగా పట్టదు, అచ్చు అక్కడక్కడ తేలిపోతుంది. రెండు రోజులు మామూలు నీళ్ళలో నానబెడితే గంజి పులిసి వదులుతుంది. ఉతికి ఆరేశాక మూలన ఒక చుక్క బెటడైన్ నీళ్ళలో పలచగా కలిపి వేసి చూడండి. నీలిరంగుకి తిరిగితే గంజి ఉంది, మళ్ళీ నానాలి. గోధుమరంగుగానే ఉంటే ముందుకి వెళ్ళొచ్చు. కరక్కాయ పొడి కిలో గుడ్డకి 150 నుంచి 200 గ్రాములు సరిపోతుంది. అంతకుమించి వేస్తే నేల పచ్చబడి, దాన్ని వదిలించడానికి మళ్ళీ నీళ్ళు ఖర్చు. చేత్తో గీసే శ్రీకాళహస్తి పనికి గేదె పాలు కావాలి, ఆ కొవ్వే గీత చెదరకుండా ఆపుతుంది. జిగురు కలిపిన రంగుతో అచ్చు వేసేచోట పాలు తగ్గించి ముక్క మీద అద్ది చూడండి. గీత నిలబడితే ఆ పాల ఖర్చు మిగిలినట్టే. పాలు పట్టించిన గుడ్డ వానాకాలంలో బూజు పడుతుంది కాబట్టి వారంలో అద్దగలిగినంతే సిద్ధం చేసుకోవాలి.

కసిమి (నలుపు అద్దడానికి వాడే ఇనుప నీళ్ళు) గురించి ఒక మాట. తుప్పు ఇనుము కిలో, బెల్లం కిలో, తాటిబెల్లం 100 గ్రాములు, నీళ్ళు పది లీటర్లు, పదిహేను ఇరవై రోజులు పులియడం అనే కొలత చాలాచోట్ల నడుస్తోంది. కానీ తొందరపడి ఘాటుగా వాడితే నలుపు బాగా కనిపిస్తుంది గానీ కొన్నేళ్ళకి సరిగ్గా నల్లగీత వెంటే గుడ్డ చిరుగుతుంది. పాత చీరల్లో పువ్వు అంచులే ముందు రాలిపోవడం చూసే ఉంటారు. కరక్కాయ పట్టించిన ముక్క మీద అద్దితే ముందు బూడిదగా కనిపించి నెమ్మదిగా నల్లబడాలి. తగిలీతగలగానే మసిలా నల్లబడితే నీళ్ళు కలపండి.

అద్దాక ఆత్రపడి కడగొద్దు. పటికా కసిమీ గుడ్డని పట్టుకోడానికి కనీసం రెండు రోజులు ఆరాలి. ఆ తర్వాత కడిగేటప్పుడు పట్టుకోని పటిక, కసిమి వదిలి పక్కనున్న తెల్లనేలకి అంటుకుంటాయి. ఉడకబెట్టాక ఆ మచ్చలు ఎర్రగానో బూడిదగానో బయటపడతాయి. పారే కాలువలో కడగమనేది అందుకే, వదిలింది వదిలినట్టు కొట్టుకుపోతుంది. కాలువ లేనప్పుడు తొట్లతో చేయాలంటే మొదటి ముంపు పేడనీళ్ళలో ఉండాలి. అర కిలో పచ్చిపేడ ఇరవై లీటర్లలో కలిపి గుడ్డతో వడకట్టండి. పేడ వద్దనుకుంటే లీటరుకి ఐదు గ్రాముల సుద్దపొడి. పులుపు విరిగి, వదలబోయే పటిక అక్కడే గట్టిపడుతుంది. చీరని మడత లేకుండా తెరిచి ఒక్క ఊపున ముంచి, కదుపుతూ ఉండాలి. మడతతో ముంచారా, మడత అంచు వెంట చార తప్పదు.

ఆ తర్వాత మూడు తొట్లు, ఒక్కోటి 500 లీటర్లది, వరసగా, మెట్లలా ఎత్తు పెరుగుతూ. కొత్త నీళ్ళు పైనున్న మూడో తొట్లోకే పోయాలి. అక్కణ్ణించి రెండోదాంట్లోకి, దాన్నుంచి మొదటిదాంట్లోకి పొంగి దిగాలి. చీర మాత్రం ఎదురు నడుస్తుంది, మురికి తొట్టి నుంచి తేట తొట్టికి. పది చీరలకోసారి మొదటి తొట్టి ఖాళీ చేయండి. మూడు తొట్లకీ విడివిడిగా నీళ్ళు మార్చేవాళ్ళతో పోలిస్తే ఇందులో మిగిలేది ఎంతో మీ పుస్తకంలో మొదటి గడే చెబుతుంది.

ఖాళీ చేసిన నీళ్ళు ఎక్కడికి? "అంతా సహజమే కదా" అని బోదెలోకి వదలొద్దు. పటిక నీళ్ళు పుల్లనివి, దాంట్లో కరిగిన అల్యూమినియం చేపకి విషం. మన జిల్లాలో పక్క పొలం చేపల చెరువయ్యే అవకాశమే ఎక్కువ. గుంటలో చేర్చి సున్నపు తేట కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే దూదిలా తెప్పలు కట్టి అడుక్కి దిగుతాయి. నీలి లిట్మస్ కాగితం ఎర్రబడటం ఆగితే సున్నం చాలు. ఒక రాత్రి తర్వాత పైన తేరిన నీళ్ళని ఇసుక, కంకర, బొగ్గు వేసి మెట్టతామర నాటిన మడిలోంచి పారనిస్తే, మళ్ళీ నానబెట్టడానికి వాడుకోవచ్చు. అడుగు బురదని ఎండబెట్టి ఒకచోట పూడ్చండి, కంపోస్టులో కలపొద్దు. కంపోస్టుకి పనికొచ్చేది కరక్కాయ, మంజిష్ఠ పిప్పి.

ఉడకబెట్టే దగ్గర రాగి గంగాళం నిండా గుడ్డ పడేదాకా ఆగడమే సగం ఆదా. ఆరు చీరలకీ పది చీరలకీ కట్టెల్లో తేడా కొంచెమే. మూడు రాళ్ళ పొయ్యి మాని చుట్టూ ఇటుక కట్టి, గంగాళానికీ గోడకీ మధ్య మూడు వేళ్ళ సందు ఉంచి, పొగగొట్టం పెట్టండి. సరుగుడు కట్టెలు తగ్గుతాయి, కలిపే మనిషి కళ్ళు మండవు. రైసు మిల్లు దగ్గరుంటే ఊక పొయ్యి ఇంకా చవక, కానీ మంట ఒకే తీరున నిలపడం కష్టం, మంజిష్ఠకి అది సరిపడదు. మంజిష్ఠ కిలో గుడ్డకి 300 నుంచి 500 గ్రాములు. చల్లటి నీళ్ళతో మొదలెట్టి గంటసేపట్లో మెల్లగా వేడెక్కించి, చెయ్యి పెట్టలేనంత వేడి దాటాక, తెర్లే ముందే నిలపాలి. బాగా తెర్లిస్తే ఎరుపు ఇటుకరంగులోకి పోతుంది. అదే నీళ్ళలో రెండో విడత వేస్తే లేత గులాబీ వస్తుంది, దాన్ని పారబోయకండి. చంటిపిల్లల గుడ్డలకి ఆ రంగే అడుగుతారు.

అలిజరిన్ వాడుతుంటే వాడుతున్నామని రాయండి. 1868లోనే ప్రయోగశాలలో తయారైన రంగు అది, వేరులో ఉండే పదార్థమే అయినా డబ్బాలో వచ్చేది రసాయనమే. "పటిక, కసిమి, కరక్కాయ, అలిజరిన్" అని చీటీ మీద నిజం రాసిన చీర అమ్ముడుపోతుంది. "నూరు శాతం సహజం" అని రాసి దొరికిపోతే ఆ కొట్టువాడు మళ్ళీ రాడు.

ఇప్పుడు కూలి. మీ పుస్తకంలోని గంటలతో ఇలా లెక్క వేయండి (అంకెలు ఉదాహరణకే). చీరకి అద్దకం ఆరు గంటలు, 450 రూపాయలు, అంటే గంటకి 75. కడుగుడు, ఉడుకు, ఆరబెట్టడం మూడు గంటలు, 90 రూపాయలు, అంటే గంటకి 30. దీన్ని 60 చేస్తే చీర మీద పడేది 90 రూపాయలు. 1800కి అమ్మే చీరలో అది ఐదు శాతం. ఎక్కణ్ణించి తేవాలి? ఇరవైలో మూడు చీరలు సెకండ్స్ అయ్యి ఒక్కోటి 500 తక్కువకి పోతుంటే చీరకి 75 రూపాయల నష్టం. ఆ మూడుని ఒకటికి తెస్తే చీరకి 50 మిగులుతుంది. మిగతా నలభైలో కట్టెలు, నీటి మోటారు కరెంటు కొంత పూడుస్తాయి. కొంత ధరలోకి పోతుంది, పోనివ్వండి. మచ్చ రాకుండా చూసేది కడిగే చేతులే కదా, ఆ చేతులకి చీర లెక్కన కూలి కట్టండి, రోజు లెక్కన కాదు. అయితే మచ్చపడితే కోత అనే పద్ధతి మాత్రం పెట్టొద్దు. కోత పెడితే మచ్చ దాచేస్తారు, కారణం మీకు ఎప్పటికీ తెలియదు.

మోచేతి దాకా రబ్బరు తొడుగులు, బూట్లు, నీడ, తలుపున్న మరుగుదొడ్డి ఖర్చులు యూనిట్‌వే. పటికకి చేతులు పగులుతాయి, ఆ పగుళ్ళతో మురుగు నీళ్ళలో దిగితే జ్వరాలు వస్తాయి. బాధపడుతూనే పనిచేసేవాళ్ళు అడగరు, మీరే పెట్టాలి.

ఆడవాళ్ళు కడుగుడులోనే ఉండిపోవడానికి ఇంకో కారణం, కొలతలన్నీ రంగు మేస్త్రి నోట్లో ఉండటం. "కొంచెం పటిక" అంటే ఎంతో ఆయనకే తెలుసు. ప్రతి కలుపుకీ తూకం వేసి, దాంతో అద్ది ఉడికించిన చిన్న ముక్కని అట్టకి అంటించి గోడకి తగిలించండి. పటిక లీటరుకి 100 గ్రాములు, 150 గ్రాములు, పక్కపక్కన. చదువు రానివాళ్ళకీ ముక్క చూస్తే అర్థమవుతుంది, వినపడనివాళ్ళకీ అంతే. పెద్దాయన నొచ్చుకుంటారు, కాబట్టి అట్టల తయారీ ఆయన చేతే చేయించి దానికి విడిగా డబ్బు ఇవ్వండి.

అద్దకం నేర్పేటప్పుడు రంగు నింపే దత్తా అచ్చుతో కాకుండా గీత అచ్చుతోనే మొదలెట్టించండి. నింపుడుకే పరిమితం చేస్తే కూలి ఎప్పటికీ పెరగదు. పటిక రంగులేనిది కాబట్టి ఎక్కడ అద్దారో కనపడటానికి కడిగితే పోయే రంగు చుక్క కలుపుతారు, కొత్తవాళ్ళకి అది కాస్త ఎక్కువ కలిపి ఇవ్వండి. ఒక బల్ల ఎత్తు తగ్గించి, కింద కాళ్ళు పట్టేలా కడితే కూర్చుని అద్దొచ్చు. నిలబడలేనివాళ్ళకీ, నెలలు నిండుతున్నవాళ్ళకీ, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళకీ అదే బల్ల. దానికి చిన్న అచ్చులు, సగం మీటరు వెడల్పు పని, చున్నీ, దిండు గలీబు లాంటివి కేటాయించండి. పెద్ద టేకు అచ్చుని కూర్చుని ఎత్తి కొడితే భుజం పోతుంది.

వానల్లో ఆరదు కాబట్టి పని ఆగుతుంది, జనం వేరే పనులకి వెళ్ళిపోతారు. చీరకి పది రూపాయలు పక్కన పెట్టి ఆ నెలల్లో కుట్టుపనికి కూలిగా ఇవ్వండి. సెకండ్స్‌నీ ముక్కలనీ సంచులు, పుస్తకం అట్టలు చేయడం అప్పటి పని.

కాగితాల విషయం. కలంకారీ చేనేత కిందకి రాదు, హస్తకళల కిందకి వస్తుంది. నేతన్నల పథకాల వెంట తిరిగి లాభం లేదు. పీఎం విశ్వకర్మలోని 18 వృత్తుల్లో అద్దకం లేదు, కుట్టుపని ఉంది, సంచులు కుట్టేవాళ్ళు దరఖాస్తు చేయొచ్చు. హస్తకళల శాఖ ఇచ్చే పెహచాన్ (గుర్తింపు) కార్డు యజమానికొక్కడికే కాకుండా కడిగేవాళ్ళతో సహా ప్రతి ఒక్కరి పేరు మీదా పెట్టించండి, కూలి కూడా వాళ్ళ ఖాతాలోనే వేయండి. మచిలీపట్నం కలంకారీకి జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉంది. అధీకృత వినియోగదారుగా నమోదు రుసుం 2020 నుంచి పది రూపాయలే. చీర మీద ఆ గుర్తు వేసుకుంటే స్క్రీన్ ప్రింటుకీ మీ సరుక్కీ తేడా అడిగేవాళ్ళకి చూపించడానికి ఒకటి ఉంటుంది. దాంతోపాటు గుడ్డ వెనక్కి తిప్పి చూపించండి. ఉడికిన రంగు వెనక్కి దిగి కనిపిస్తుంది. పైపైన పూసిన రంగుకి వెనకంతా తెల్లగా ఉంటుంది.

తొట్లు కట్టించే ముందు మీ బోరు నీళ్ళ గ్లాసు పరీక్ష ఫలితం ఇక్కడే రాయండి. ఇనుము ఎక్కువుంటే వడపోత తొట్టి కొలతలు మారతాయి.