‘యూట్యూబ్ మొహం’ అంటున్నరు, ఏం చెయ్యాలన్నా?

ప్రశ్న: అన్నా నమస్తే. నేను, నా దోస్తులు కలిసి కామెడీ వీడియోలు చేస్తం, మా ఛానల్‌కి మూడు లక్షల మంది సబ్‌స్క్రైబర్లున్నరు. కానీ సినిమా ఆడిషన్‌కి పోతే ‘నీది యూట్యూబ్ మొహం, ఫోన్‌ల ఫ్రీగ వస్తది, టికెట్ కొని ఎవడు చూస్తడు’ అంటున్నరు. మళ్ల అదే ఆఫీసోళ్లు సినిమా రిలీజప్పుడు ఫోన్ చేసి హీరోతోని ఒక రీల్ చెయ్యి అంటరు, పైసలియ్యరు. ఛానల్ బంద్ చేసి, సినిమా ఛాన్సుల కోసం తిరిగేటోళ్లుండే హైదరాబాద్ కృష్ణానగర్‌ల రూమ్ తీస్కొని ట్రై చెయ్యాల్నా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తమ్ముడూ, ఛానల్ మాత్రం ఆపకు. నీతో ఆ మాటన్నవాళ్ల మీద నాకు చాలా కోపమొచ్చింది. టికెట్ కొని చూడరా? వైష్ణవి చైతన్య మనకి ముందు తెలిసింది ‘ది సాఫ్ట్‌వేర్ డెవ్‌లవ్‌పర్’ అనే యూట్యూబ్ సిరీస్‌తోనే కదా, మరి 2023లో ఆమె హీరోయిన్‌గా చేసిన ‘బేబీ’ అంత పెద్ద హిట్ ఎలా అయింది? సోషల్ మీడియాలో కామెడీ చేసుకుంటూ వచ్చిన మౌళి 2025లో ‘లిటిల్ హార్ట్స్’కి హీరో, ఆ సినిమా థియేటర్లలోనే ఆడింది.

కాకపోతే వీళ్లకి ఛాన్స్ ఎవరిచ్చారో చూడు. సుహాస్ షార్ట్ ఫిలిమ్స్ నుంచి వచ్చాడు, సినిమాల్లో మొదట్లో హీరో ఫ్రెండ్ వేషాలే ఇచ్చారు, ‘మజిలీ’లో కూడా అదే. అతన్ని హీరోగా పెట్టింది షార్ట్ ఫిలిమ్స్ నుంచే వచ్చిన సందీప్ రాజ్. ఆ ‘కలర్ ఫోటో’ 2020లో థియేటర్‌కి రాకుండా నేరుగా ఆహా ఓటీటీలో వచ్చింది, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కొట్టింది. దానికి కథ ఇచ్చిన సాయి రాజేషే తర్వాత ‘బేబీ’ తీశాడు. మౌళితో ‘90స్’ వెబ్ సిరీస్ తీసిన ఆదిత్య హాసనే ‘లిటిల్ హార్ట్స్’ నిర్మాత. అంటే దగ్గర్నుంచి పని చూసినవాళ్లే నమ్మారు, నీ సబ్‌స్క్రైబర్ల లెక్క చూసి ఎవరూ వచ్చి నీకు సినిమా కథ చెప్పరు.

అందుకే కృష్ణానగర్‌లో కట్టే రూమ్ అద్దె డబ్బులు పెట్టి మీ టీమ్‌తోనే ఒక అరగంట సినిమా తియ్యండి, కామెడీ ఉన్నా పర్లేదు కానీ అందులో నువ్వు ఏడ్చే సీన్ ఒకటైనా ఉండాలి. ఎందుకంటే రీల్స్‌లో మనం లెన్స్‌లోకే చూస్తూ గట్టిగా మాట్లాడతాం, డైలాగ్ తప్పితే కట్ చేసి అతికించేస్తాం, ఆడిషన్‌లో రెండు పేజీల సీన్ ఒకే టేక్‌లో చెయ్యమనేసరికి ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ మన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలీదు. అది రావాలంటే నాటకం చేసేవాళ్ల దగ్గరకెళ్లు, మీ ఊళ్లో దొరుకుతారు.

ప్రమోషన్ రీల్ సంగతి. అది యాడ్ షూట్, ఫేవర్ కాదు. హీరో టైమ్ దొరికేదాకా మీరు పొద్దంతా కారవాన్ బయట నిలబడి పది నిమిషాల్లో చేసిచ్చే వీడియోకి కెమెరా మీది, స్క్రిప్ట్ మీది, చూసేవాళ్లూ మీవాళ్లే, మరి డబ్బులెందుకివ్వరు? రేటు వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఒప్పించుకున్నాకే బయల్దేరు. వేరేవాళ్లు ఫ్రీగా చేస్తారని బెదిరిస్తే చేయించుకోమను.

ఇంకోటి, మీ వీడియోలు రాసే దోస్త్ ఒకడుంటాడు కదా, వాణ్ణి వదిలేసి ఒక్కడివే హైదరాబాద్ రాకు.