కరిచిన కుక్కను మళ్ళీ మా వీధిలోనే దించారు!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం కుక్కల మీదే. మున్సిపాలిటీలో పశువైద్యుడిగా చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ప్రశ్నలూ నాకే, తిట్లూ నాకే. రెండిటికీ అలవాటుపడ్డాను.

*మా ఎనిమిదేళ్ళ అబ్బాయి ట్యూషన్ నుంచి సైకిల్ మీద వస్తుంటే వీధి కుక్క పిక్క పట్టుకుంది. రక్తం వచ్చింది. మున్సిపాలిటీకి ఫోన్ చేస్తే బండి వచ్చి నాలుగు కుక్కల్ని తీసుకెళ్ళింది. వారం తిరక్కుండా ఆ నాలుగింటినీ మా వీధి మొదట్లోనే దించి వెళ్ళారు. కరిచినదీ వాటిలోనే ఉంది. ఇదేం పద్ధతి? — ఒక తల్లి, తెనాలి*

అమ్మా, ఉత్తరం రెండు పేజీలు రాశారు గానీ బాబుకు ఇంజెక్షన్ల సంగతి ఒక్క ముక్క రాయలేదు. ముందు అది చూడండి. కరిచిన రోజును 0 అనుకుంటే ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో పడాలి. కండలోకి వేసే రకమైతే 14వ రోజు కూడా ఉంటుంది. చాలామంది మూడో డోసుతో ఆపేస్తారు, గాయం మానిందిగా అని. రక్తం వచ్చిన గాయమంటున్నారు కాబట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పని మొదలుపెట్టేలోపు కాపాడే మందు) కూడా వేశారో లేదో డాక్టరును అడగండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల రోజులు ఎప్పుడో పోయాయి, బాబును ఆ మాటతో భయపెట్టకండి. ఇంకెవరికైనా ఇలా జరిగితే సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగమనండి. కారం, సున్నం, ఆకు పసరు వద్దు.

ఇక మీ కోపం సంగతి. వీధి కుక్కను పట్టుకుంటే పిల్లలు పుట్టకుండా కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుకు చెవి కొన కొద్దిగా కోసి, పట్టుకున్న చోటే వదలాలి. 2001 నుంచీ కేంద్ర నిబంధనలు ఇవే, 2023లో కొత్తగా రాసినప్పుడూ ఈ మూలసూత్రం మారలేదు. ఎందుకంటే చికెన్ కొట్టు వ్యర్థాలూ, హోటల్ ఎంగిలాకులూ అక్కడే ఉన్నంతకాలం ఒక కుక్క పోతే ఇంకో చోటి నుంచి వేరేది వస్తుంది. దానికి టీకా ఉండదు, ఆపరేషన్ ఉండదు. మద్రాసు కార్పొరేషన్ వందేళ్ళకు పైగా కుక్కల్ని చంపి చంపి, తగ్గకపోయేసరికి 1996లో ఆపరేషన్ల దారి పట్టింది.

అయితే ఆ నియమం కుక్కలన్నిటికీ ఒకేలా వర్తించదు, మీరు పట్టుకోవలసింది ఇక్కడే. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో రేబిస్ సోకినవాటినీ, సోకిందని అనుమానం ఉన్నవాటినీ, మీదపడి కరిచే స్వభావం ఉన్నవాటినీ తిరిగి వదలొద్దని స్పష్టంగా చెప్పింది. అలాంటివాటిని విడిగా ఉంచాలి.

మరి మీ కుక్క ఎందుకు తిరిగొచ్చింది? అది కరిచిందని బండివాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు. ఫోన్ ఫిర్యాదు ఆఫీసు నుంచి బండి దాకా వచ్చేసరికి "ఫలానా వీధి, కుక్కలు" అని మిగులుతుంది. వాళ్ళు వచ్చి దొరికినవాటిని పడతారు. బిస్కెట్ వేస్తే తోకాడిస్తూ వచ్చేదే వలలో పడుతుంది, కరిచేది బండి చప్పుడు వినగానే కాలవ గట్టు దాటేస్తుంది. మీకు కరిచినదే దొరికింది, కానీ దాన్నీ మిగతా మూడింటి లెక్కలోనే చూశారు.

కాబట్టి ఇప్పుడు కాగితం పెట్టండి. "మా వీధిలో కుక్కల బెడద ఎక్కువగా ఉంది" అని రాయకండి, అలాంటివి నా బల్ల మీద కట్టలుగా ఉండేవి. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరింటి ముందు కరిచిందో రాయండి. కుక్క రంగు, మచ్చలు, చెవి కోత, ఆడదో మగదో రాయండి. పిల్లలున్న తల్లి కుక్క అయితే అదీ రాయండి, పిల్లలు పెరిగాక అది కరవకపోవచ్చు. ఫోన్‌లో ఫొటో, ఆసుపత్రి ఓపీ చీటీ జతచేయండి. ఇంకెవరినైనా కరిస్తే వాళ్ళ చేతా సంతకం పెట్టించండి. కమిషనర్ పేరుతో ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోకుండా రాకండి. ఆగస్టు 22 ఉత్తర్వు మాట ఒక వాక్యంలో ప్రస్తావించండి. స్టాంపు పడిన కాగితం ఉంటే అధికారికి టెన్షన్. అనుభవంతో చెబుతున్నాను.

ఇంకో మాట. ఆ కుక్క కళ్ళ ముందు ఉండటం ఒకందుకు మంచిదే. కరిచిన పది రోజుల తర్వాత కూడా అది ఆరోగ్యంగా తిరుగుతుంటే, కరిచిన నాడు దాని చొంగలో రేబిస్ లేనట్టే. అలాగని టీకాలు మీ అంతట మీరు ఆపకండి, డాక్టరు చెప్పాలి.

నిబంధన తప్పని నేను అనను. మేం దాన్ని సగం సగం అమలు చేయడమే తప్పు. ఒక పేటలో కనీసం 70 శాతం కుక్కలకు టీకా పడితే గానీ రేబిస్ గొలుసు తెగదు. పేట తర్వాత పేట పూర్తి చేసుకుంటూ పోవాలి. మార్చి నెలాఖరు లెక్క చూపించడానికి ఊరంతా తిరిగి వీధికి రెండేసి పట్టించిన పాపంలో నాకూ వాటా ఉంది.

*ఎదురింటివాళ్ళ పెంపుడు కుక్క మా అత్తగారిని కరిచింది. "మా కుక్కకు అన్ని ఇంజెక్షన్లూ వేయించాం, మీరేం వేయించుకోనక్కర్లేదు" అంటున్నారు. — ఒక గృహిణి, కరీంనగర్*

వాళ్ళ మాట మీద మీ అత్తగారి ప్రాణం పెట్టకండి. టీకా వేయించండి. కుక్క టీకా కార్డు చూపించమనండి, తేదీ ఏడాది దాటిందేమో చూడండి. పది రోజుల వరకు ఆ కుక్కను ఎవరికీ ఇచ్చేయొద్దనీ, ఊరికి పంపొద్దనీ గట్టిగా చెప్పండి. గొడవకు భయపడి చాలామంది చేసే మొదటి పని అదే. ఇది వీధి కుక్క కాదు కాబట్టి బాధ్యత యజమానిదే. జంతువును నిర్లక్ష్యంగా వదిలేసి మనుషులకు ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ముందు ఆసుపత్రి ఖర్చు అడిగి చూడండి. రేపూ ఎదురింట్లోనే కదా ఉండాలి.

*మా సర్పంచ్ కుక్కలన్నిటినీ మందు పెట్టి చంపిస్తానంటున్నాడు. ఊళ్ళో అందరూ సరేనంటున్నారు. — ఒక టీచరు, కామారెడ్డి జిల్లా*

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లవాణ్ణి వీధి కుక్కలు కరిచి చంపడం చూసినవాళ్ళకు కోపం రాకుండా ఎలా ఉంటుంది? కానీ విషం పెట్టి చంపించడం నేరం. కేసు పడేది సర్పంచ్ మీద, మందు పెట్టిన కూలీ మీద. ఊరివాళ్ళ మీద కాదు, ఆ సంగతి ఆయనకు చెప్పండి. మండల పశువైద్యుణ్ణి పిలిపించి ముందు ఊరంతా టీకాల క్యాంపు పెట్టించమనండి. బడి ఆవరణ గోడ పడిపోయి ఉంటే కట్టించమనండి. బడుల్లో, ఆసుపత్రుల్లో, బస్టాండుల్లో తిరిగే కుక్కల్ని తొలగించాలనీ, మళ్ళీ అక్కడ వదలొద్దనీ 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టే చెప్పింది. టీచరుగా ఆ మాట మీరు గట్టిగా అడగొచ్చు.

*కుక్క కరిస్తే నష్టపరిహారం ఇస్తారా? — ఒక పాఠకుడు, విజయవాడ*

పంజాబ్, హరియాణా హైకోర్టు 2023 నవంబర్‌లో ఒక్కో పంటి గాటుకు కనీసం 10,000 రూపాయలు, కండ ఊడివస్తే ప్రతి 0.2 సెంటీమీటర్ల గాయానికి కనీసం 20,000 అని లెక్క కట్టింది. అది ఆ రాష్ట్రాలకు. మన దగ్గర అడగాలంటే వకీలు ఆ తీర్పును చూపిస్తూ కోర్టుకు వెళ్ళాలి. ఓపీ చీటీ, టీకా కార్డు, బిల్లులు పారేయకండి.

*నైట్ షిఫ్ట్ అయ్యాక బైక్ మీద వస్తుంటే మా సందులో కుక్కలు వెంటపడతాయి. ఏం చేయాలి? — ఒక యువకుడు, గచ్చిబౌలి*

వేగం పెంచకు బాబూ. కాటు తప్పించుకుని బండి మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నవాళ్ళను చూశాను. నెమ్మది చేసి ఆగిపో, కదలకుండా ఉండు, దాని కళ్ళలోకి చూడకు. కదలని బండి మీద వాటికి ఆసక్తి ఉండదు, అరిచి అరిచి వెనక్కి పోతాయి. దగ్గరికొస్తే భుజాన ఉన్న బ్యాగ్ తీసి కాలికీ దానికీ మధ్య పెట్టుకో.