చీర చేతిలోనే ఉంది, అమ్మ లేదు

ప్రశ్న: మాది మక్తల్ దగ్గర ఊరు, నాకు 29 ఏళ్లు. చిన్నప్పుడు అమ్మ, నాయిన మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణెకు కూలికి పోయేవాళ్లు, నేను అవ్వ దగ్గర ఉండేదాన్ని. ఐదేళ్లప్పుడు ఒక రాత్రి అమ్మ కొంగు పిడికిట్లో పట్టుకుని పడుకున్నాను, పొద్దున లేస్తే చీర చేతిలోనే ఉంది, అమ్మ లేదు. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉంటున్నాం. మా ఆయన హైదరాబాద్‌కు డీసీఎం నడుపుతాడు. ఫోన్ ఎత్తకపోతే యాక్సిడెంట్ అయిందనే అనుకుంటాను, గుండె దడ, చేతులు చల్లబడతాయి, ఇరవై ముప్పైసార్లు చేస్తాను. ఆయన 'నీకు అనుమానం' అంటాడు. నాలుగేళ్ల బాబును బడిలో వేశాం, నెల నుంచి గేటు బయటే కూర్చుంటున్నాను. రెండేళ్లుగా ఇదే టెన్షన్. నాకు పిచ్చా?

జవాబు: పిచ్చి కాదమ్మా. అనుమానం అసలే కాదు. అనుమానం ఉన్నవాళ్లు 'ఎవరితో ఉన్నాడో' అని కొట్టుకుంటారు, మీరేమో 'బతికే ఉన్నాడా' అని కొట్టుకుంటున్నారు. ఈ ఒక్క మాట మీ ఆయనతో చదివించండి, ఇంట్లో సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

చీర సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి ముందుకు పోయారు, నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. మీ అమ్మ ఆ రాత్రి ఏం చేసి ఉంటుందో చూడండి. కొంగు లాగితే పిల్ల లేస్తుంది, లేస్తే ఏడుస్తుంది, ఆ ఏడుపు వింటే తను బస్సు ఎక్కలేదు, అడ్వాన్సు అప్పటికే ఖర్చైపోయింది. అందుకని చీరే విప్పేసి, ఇంకోటి కట్టుకుని పోయింది. ప్రేమ లేక చేసిన పని కాదది. కానీ ఐదేళ్ల పిల్లకు మేస్త్రీ లెక్కలు తెలుస్తాయా? కళ్లు మూస్తే మనుషులు మాయమైపోతారని మాత్రం తెలిసింది. ఇప్పుడు ఫోన్ రింగై రింగై ఆగిపోతే దడ పుట్టేది ఆ పిల్లకేనని నాకనిపిస్తోంది.

అలాగని అమ్మానాయిన వలసపోయిన పిల్లలందరికీ ఇలా అవుతుందని కాదు. మన పాలమూరులో అలా అవ్వల దగ్గర పెరిగినవాళ్లు ఊరికెంతమంది లేరు! చాలామంది బాగానే ఉన్నారు. నేను చూసినంతలో, 'దసరాకు వస్తం బిడ్డా' అని మొహం మీద చెప్పి, ఏడిపించే పోయి, అన్నట్టే వచ్చినవాళ్ల పిల్లలు కాస్త తొందరగా కుదుటపడ్డారు.

పసిపిల్లలు ఎనిమిది నెలలు దాటాక తల్లి కనబడకపోతే ఏడవడం మామూలే, మూడేళ్లు వచ్చేసరికి చాలామందిలో తగ్గుతుంది. అయినవాళ్లు దూరమైతే పుట్టే ఈ భయం (సెపరేషన్ యాంగ్జైటీ అంటారు) పెద్దవాళ్లకూ ఒక జబ్బుగా ఉంటుందని, అదీ పెద్దయ్యాక కొత్తగా కూడా మొదలవ్వొచ్చని ఒప్పుకోవడానికి మాత్రం డాక్టర్లకు టైమ్ పట్టింది. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం తన మానసిక జబ్బుల మాన్యువల్లో 18 ఏళ్లలోపే మొదలవ్వాలన్న షరతును 2013లో తీసేసింది. పెద్దవాళ్లలో మామూలుగా ఆరు నెలలు దాటి ఉంటే లెక్కలోకి తీసుకుంటారు. మీకు రెండేళ్లయింది, ఇక ఓర్చుకోవాల్సిన పని లేదు.

ఫోన్ సంగతికొద్దాం. ఆయన ఎత్తగానే మీకు ప్రాణం లేచొస్తుంది కదా, చిక్కంతా అందులోనే ఉంది. 'ఫోన్ చేశాను కాబట్టే బతికాను' అని మనసు నేర్చుకుంటుంది, రేపు ఇంకా తొందరగా చేయిస్తుంది. పైగా ఆయన స్టీరింగ్ మీద ఉన్నప్పుడు ముప్పై కాల్స్ వస్తే, మీరు దేనికి భయపడుతున్నారో దాన్నే దగ్గరికి పిలిచినట్టవుతుంది. అందుకే ఒక ఒప్పందం పెట్టుకోండి. బండి తీసేటప్పుడు ఒకటి, షాద్‌నగర్‌లో చాయ్‌కి ఆగినప్పుడు ఒకటి, లోడు దింపాక ఒకటి, ఆయనే వాయిస్ మెసేజ్ పెట్టాలి. మధ్యలో మీరు చేయకూడదు. చేయాలనిపిస్తే మొదటి వారం పది నిమిషాలు ఆగండి, తర్వాత ఇరవై. భయం పెరుగుతుంది, ఇక తట్టుకోలేననిపిస్తుంది, కాసేపటికి దానంతటదే దిగుతుంది. అది దిగడం మీరు ఒక్కసారి కూడా చూడలేదు, మధ్యలోనే ఫోన్ నొక్కేస్తున్నారు కాబట్టి.

బాబు విషయంలో కాస్త గట్టిగానే చెబుతాను. వాడు ఆటలో ఉండగా వెనక నుంచి జారుకోవద్దు, ఎంత ఏడ్చినా సరే. 'అన్నం తిని పడుకుని లేస్తావు కదా, అప్పటికి వస్తా' అని వాడికి తెలిసే గుర్తు చెప్పండి, ముద్దుపెట్టండి, వెళ్లిపోండి. చెప్పిన టైముకు గేటు దగ్గర ఉండండి. రేపటి నుంచే ఇంటికి పోవాలంటే మీవల్ల కాదు, తెలుసు. ఈ వారం వీధి చివరి దాకా, వచ్చే వారం కూరగాయలు కొనుక్కునేదాకా. ఇందులో వాడికంటే మీకే ప్రాక్టీసు ఎక్కువ.

ఇవన్నీ ఒంటరిగా నెట్టుకురావాలని లేదు. మీరుండే మహబూబ్‌నగర్‌లోనే గవర్నమెంట్ జనరల్ ఆస్పత్రి ఉంది, మానసిక వైద్యుల్ని అడగండి. దడ ఉంది కాబట్టి థైరాయిడ్, రక్తం ఎంతుందో కూడా చూడమనండి. పైన చెప్పిన పద్ధతినే కౌన్సెలింగ్‌లో వరుసగా చేయిస్తారు, దాన్ని సీబీటీ అంటారు. మందులు రాస్తే వాటి పని తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, పది రోజులకే 'తగ్గట్లేదు' అని మానేయొద్దు. వెళ్లడానికి మొహమాటంగా ఉంటే ముందు 14416కి చేయండి. టెలీ మానస్ అది, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి, ఇది తొందరేం లేదు. మీ అమ్మ ఉంటే ఎప్పుడైనా తీరిగ్గా, రొట్టెలు చేసేటప్పుడో ఏమో, ఆ రాత్రి గురించి అడగండి. నిలదీయొద్దు. 'ఆ చీర ఏమైందే అమ్మా?' అని అడగండి చాలు.